దఫ్తరం ఎవరి సొత్తు?
తెలంగాణ గ్రామ రికార్డుల చరిత్రపై ఒక పరిశీలన

నల్లగొండ జిల్లా అనుముల మండలానికి కేంద్రం హాలియా. అక్కడి రైతు నోట నిత్యం వినవచ్చే కొన్ని మాటలను ఏరి చూస్తే ఒక విశేషం బోధపడుతుంది. హక్కు, దస్తావేజు, నకలు, రసీదు, వసూలు, బాకీ, తహసీలు, దఫ్తరం, అమానతు: ఇవన్నీ అరబీ, పారసీ భాషల నుండి వచ్చి తెలుగులో స్థిరపడిన మాటలే. అక్షరజ్ఞానం లేని కూలీ సైతం వీటిని అర్థం తెలిసే వాడతాడు. శతాబ్దాల పరిపాలన ఈ మాటలను ఊరూరికీ చేర్చింది. ఆ మాటలు వ్రాసి ఉన్న కాగితం మాత్రం ఊరి జనానికి అందలేదు. అది కచేరీ అలమారులోనో, పట్వారీ ఇంటి పెట్టెలోనో ఆగిపోయింది.

ప్రభుత్వం వద్దనున్న కాగితాన్ని చూసే హక్కు పౌరునికి ఉన్నదా, ఉంటే అది ఎక్కడి నుండి వచ్చింది అనే ప్రశ్నను సాధారణంగా ఇటీవలి చట్టాలతో ముడిపెట్టి చర్చిస్తారు. 1766లో స్వీడన్ దేశం ఈ హక్కును మొదట శాసనబద్ధం చేసిందని, భారతదేశంలో అది 2005లో చట్టమైందని చెబుతారు. అది వాస్తవమే. కాని దీనికి వెనుక మరొక ప్రశ్న ఉంది. కాగితం ఎవరి సొత్తు? వ్రాసినవాడిదా, దాచినవాడిదా, లేక ఎవరి హక్కు అందులో వ్రాయబడి ఉన్నదో వారిదా? ఈ ప్రశ్నకు ఇస్లామీయ న్యాయశాస్త్రం ఏనాడో స్పష్టమైన సమాధానం చెప్పింది. ఆ సమాధానం నుండి చూస్తే తెలంగాణ గ్రామ రికార్డుల చరిత్ర కొత్తగా కనిపిస్తుంది.

ఖాజీ సంచులు

దివ్య ఖుర్ఆన్‌లో అన్నింటికన్నా పొడవైన ఆయత్ అప్పు పత్రం వ్రాసుకోవడాన్ని గురించినది కావడం గమనార్హం. అల్ బఖర సూరాలోని ఆ 282వ ఆయత్ గడువు పెట్టుకొన్న లావాదేవీని వ్రాతలో పెట్టమంటుంది. వ్రాయగలవాడు నిరాకరించరాదని, మొత్తం చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి విసుగు చెందరాదని, వ్రాసేవానికి గాని సాక్షికి గాని హాని కలుగరాదని ఆదేశిస్తుంది. దాని తరువాతి ఆయత్ సాక్ష్యాన్ని దాచిపెట్టడం పాపమని హెచ్చరిస్తుంది. వ్రాత అనేది బలవంతునికి అదనపు ఆయుధం కాదు, బలహీనుని రక్షణ కొరకు ఏర్పడిన సాధనం అన్నది ఇందులోని సారాంశం.

హజ్రత్ ఉమర్ (రజి) తన ఖిలాఫత్ కాలంలో, హిజ్రీ 20 ప్రాంతంలో, భత్యాలు పొందవలసినవారి పేర్లను దివాన్ అనే రిజిస్టరులో నమోదు చేయించారు. రాజ్య ధనంలో ఎవరి వాటా ఎంతో కాగితం మీద ఉండాలన్న ఏర్పాటు అది. ఆ మాటే ప్రయాణం చేసి తెలుగులో దివాణం అయింది.

హిజ్రీ 593 (క్రీ.శ. 1197)లో మరణించిన అల్ మర్గీనానీ రచించిన హిదాయా హనఫీ న్యాయశాస్త్రంలో ప్రామాణిక గ్రంథం. భారతదేశపు మదరసాలలో తరతరాలుగా పాఠ్యగ్రంథంగా ఉన్నది. 1791లో ఛార్లెస్ హామిల్టన్ చేసిన ఇంగ్లీషు అనువాదం ద్వారా ఈస్టిండియా కంపెనీ న్యాయస్థానాలకు కూడా చేరింది. అందులో ఖాజీ విధులను వివరించే భాగంలో ఒక ముఖ్యమైన నియమం ఉంది. కొత్తగా నియమితుడైన ఖాజీ మొట్టమొదట చేయవలసిన పనులలో ఒకటి, తనకు పూర్వం ఉన్న ఖాజీ వద్దనుండి దఫ్తరాలను స్వాధీనం చేసుకోవడం. అందుకు నమ్మకస్తులైన ఇద్దరిని పంపాలి. వారు పాత ఖాజీ సమక్షంలో గాని, అతని ప్రతినిధి సమక్షంలో గాని ఒక్కొక్క పత్రం దేనికి సంబంధించినదో అడిగి తెలుసుకోవాలి. ఒక్కొక్క తరగతి కాగితాలను ఒక్కొక్క సంచిలో వేరువేరుగా పెట్టాలి. కలగాపులగం కాకూడదు.

ఇక్కడ న్యాయవేత్తలు ఒక సూక్ష్మమైన చిక్కును లేవనెత్తారు. ఆ కాగితం బైతుల్‌మాల్ సొమ్ముతో కొన్నదైతే పేచీ లేదు. కక్షిదారులే కాగితం తెచ్చి ఇచ్చి ఉంటే? లేక పాత ఖాజీ తన స్వంత డబ్బు పెట్టి కొన్నదైతే? అప్పుడు అది అతని ఆస్తి కాదా? కాదు అన్నదే సరైన అభిప్రాయంగా హిదాయా నిర్ణయించింది. కక్షిదారులు కాగితం ఇచ్చింది ఖాజీ చేసే పని కొరకు. ఆ పని ఇప్పుడు మరొకరికి సంక్రమించింది. స్వంత డబ్బుతో కొన్నప్పటికీ అతడు దానిని ధర్మకార్యంగా సేకరించాడు గాని సంపదగా కూడబెట్టలేదు. అవసరమైనప్పుడు ప్రజల హక్కుకు రుజువుగా నిలవడం కొరకే ఆ వ్రాతలు ఉన్నాయి. అందుచేత అప్పగించి తీరవలసిందే.

దఫ్తరం అమానతు, దాచినవాని సొత్తు కాదు అన్న సూత్రం ఇంతకన్నా స్పష్టంగా చెప్పడం కష్టం.

పట్వారీ దస్త్రం

హైదరాబాదు రాజ్యంలో ఈ సూత్రానికి పూర్తిగా విరుద్ధమైన ఆచారం నడిచింది. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న కాలంలో, 1865లో జిల్లాబందీ జరిగింది. తరువాతి దశాబ్దాలలో భూముల సర్వే, శిస్తు నిర్ణయం సాగాయి. సర్వే ముగిసిన ప్రతి గ్రామానికి సేత్వార్ అనే మూల రికార్డు ఏర్పడింది. సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు అందులో ఉంటాయి. ఏటా జరిగే మార్పులకు ఫైసల్ పట్టీ, శిస్తు లెక్కకు వసూల్ బాఖీ, పొలంలో ఎవరున్నారో, ఏ పంట వేశారో తెలిపే పహాణీ వేరుగా ఉండేవి. 1317 ఫస్లీ నాటి భూమి శిస్తు చట్టం ఈ ఏర్పాటుకు ఆధారమైంది. ఫస్లీ సంవత్సరానికి 590 కలిపితే రమారమి క్రీస్తు శకం వస్తుంది. అంటే అది 1907 నాటి చట్టం.

వ్యవస్థ కాగితం మీద చక్కనిదే. కాని ఆ కాగితం వంశపారంపర్య వతన్‌దారుల చేతిలో ఉండిపోయింది. పట్వారీ లెక్కలు వ్రాసేవాడు. మాలీపటేలు శిస్తు వసూలు చేసేవాడు. పోలీసుపటేలు శాంతిభద్రతలు చూసేవాడు. ఊరి దస్త్రం పట్వారీ ఇంట్లో గుడ్డమూటలో ఉండేది. తండ్రి నుండి కొడుక్కు ఇల్లూ పొలమూ సంక్రమించినట్లే దస్త్రం కూడా సంక్రమించేది. దానిని చూడాలంటే రైతు పట్వారీ గుమ్మం ముందు నిలబడవలసిందే.

పై కచేరీలకు పోతే భాష అడ్డు వచ్చేది. 1880ల దశకం దాకా పారసీ, ఆపైన ఉర్దూ రాజభాషలుగా ఉన్నాయి. తెలుగు మాట్లాడే రైతుకు అవి రావు. ఉర్దూ మాట్లాడే ముస్లిములకు ఈ చిక్కు లేదని కొందరు భావిస్తారు. అది పొరపాటు. కచేరీ గుమాస్తాలు వ్రాసే షికస్తా గొలుసు వ్రాత పేద ముస్లిముకు ఎంత అందేదో పొరుగింటి హిందూ రైతుకు అంతే అందేది. ఇంట మాట్లాడే భాష ఒకటే అయినంత మాత్రాన కచేరీ తలుపు తెరుచుకోలేదు.

దీని ఫలితం ఎంత దారుణమో తెలంగాణ పోరాట నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య తన చరిత్ర గ్రంథంలో వివరించారు. సర్వే జరిగిన రోజులలో దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాలు వేలకొలది ఎకరాలను తమ పేర వ్రాయించుకొన్నారు. తరతరాలుగా దున్నుకొంటున్న రైతు తన భూమిలోనే కౌలుదారు అయ్యాడు. ఆ సంగతి అతనికి తెలిసేసరికి చాలా ఆలస్యమైంది. భూమి పొలంలో పోలేదు, కాగితం మీద పోయింది. కాగితం కనిపించనందువల్ల పోయింది.

బందగీ సాహెబు వ్యాజ్యం

అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో కామారెడ్డిగూడెం అనే ఊరు ఉంది. షేక్ బందగీ ఆ ఊరి సామాన్య రైతు. కుటుంబ భూమి విషయంలో వచ్చిన తగాదాలో విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి జోక్యం చేసుకొని బందగీకి వ్యతిరేకంగా నిలిచాడు. దేశ్‌ముఖ్ మాటే చట్టంగా చెల్లే ప్రాంతంలో బందగీ న్యాయస్థానానికి వెళ్ళాడు. సంవత్సరాల తరబడి వ్యాజ్యం నడిపాడు. తీర్పు అతనికి అనుకూలంగా వచ్చింది. 1940ల తొలినాళ్ళలో అతడు దేశ్‌ముఖ్ మనుషుల చేతిలో హతుడైనట్లు పోరాట చరిత్రకారులు నమోదు చేశారు. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రచించిన ‘మా భూమి’ నాటకంలో కథానాయకునికి బందగీ అనే పేరు పెట్టారు. ఒక ముస్లిం రైతు పేరు ఆ విధంగా తెలుగు ప్రజలందరి నోట నిలిచింది.

బందగీ చరిత్రను సాహస గాథగానే చెప్పుకొని వదలివేయడం జరుగుతున్నది. అందులో మరొక పాఠం ఉంది. అతడు కోరింది దానం కాదు, దయ కాదు. కాగితం మీద తన హక్కు తేల్చమన్నాడు. ఆ కాగితం చేతికి వస్తే ఊళ్ళో దొరకూ రైతుకూ మధ్య ఉన్న అంతరం కరిగిపోతుంది. దేశ్‌ముఖ్‌కు భయం కలిగించింది అదే.

1946 నుండి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో అనేక గ్రామాల రైతులు దొరల గడీలలోని అప్పు పత్రాలను, లెక్కలను తగులబెట్టారు. తమ చేతికి అందని కాగితం, తమను బంధించడానికి మాత్రమే పనికివచ్చే కాగితం కాలిపోతే మేలని వారికి తోచింది. దీనిని కేవలం ఆవేశం అనుకోరాదు. రికార్డును ప్రజలకు మూసివేసిన రాజ్యం, ఆ రికార్డును ప్రజలే కాపాడాలని ఆశించలేదు.

కాలువ నీరు, కాగితం విలువ

1948 సెప్టెంబరు తరువాత పరిస్థితి వేగంగా మారింది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. 1950లో కౌలుదారీ చట్టం వచ్చి రక్షిత కౌలుదారుల జాబితాలు తయారయ్యాయి. 1954-55లో ఊరూరా పొలం పొలం తిరిగి ఖాస్రా పహాణీ వ్రాశారు. ఈనాటికీ తెలంగాణలో భూమి తగాదా న్యాయస్థానానికి వెళితే న్యాయవాది మొదట అడిగే కాగితాలలో ఖాస్రా పహాణీ ఒకటి.

ఆ వెంటనే, 1955 డిసెంబరు 10న, నందికొండ వద్ద నాగార్జునసాగర్ ఆనకట్టకు పునాదిరాయి పడింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ హాలియా ప్రాంతపు మెట్ట చేలను మాగాణిగా మార్చింది. జొన్న, ఆముదం పండిన నేలపై వరి నిలిచింది. దానితో పాటు కాగితం విలువ కూడా పెరిగింది. కాలువకు పోయిన భూమికి నష్టపరిహారం రికార్డులో పేరున్నవానికి వస్తుంది. నీటి తీరువా రికార్డులో పేరున్నవాని మీద పడుతుంది. బ్యాంకు అప్పు పాసుపుస్తకం చూసి ఇస్తుంది. 1971లో భూమి హక్కుల రికార్డు, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం వచ్చింది. నోటిమాటగా పంచుకొన్న అన్నదమ్ములు, తెల్లకాగితంపై కొన్నవారు, తండ్రి పేర ఉన్న భూమిని మార్పించుకోని కుమార్తెలు కాగితం ముందు నిస్సహాయులయ్యారు. షరీఅత్ ప్రకారం వాటా ఉన్న ముస్లిం స్త్రీల పేర్లు పట్టాలో లేకపోవడం కూడా ఈ కోవకు చెందినదే. వారసత్వ వాటా ఖుర్ఆన్‌లో నిర్ణయమై ఉన్నా పహాణీలో నమోదు కాకుంటే అది తహసీలుదారుకు కనిపించదు.

1984 జనవరి 6న ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా పార్ట్‌టైమ్ గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. పటేలు, పట్వారీ వ్యవస్థ ముగిసింది. 1985లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. ఆ సమయంలో ప్రభుత్వానికి ఎదురైన పెద్ద సమస్య దస్త్రాల స్వాధీనమే. తరతరాలుగా ఇంట్లో ఉన్న మూటను అప్పగించడం కొందరికి తమ ఆస్తిని వదులుకొన్నట్లు తోచింది. ఎనిమిది శతాబ్దాల క్రితం మర్గీనానీ చర్చించిన చిక్కు తెలంగాణ పల్లెల్లో అదే రూపంలో తలెత్తింది. తేడా ఒక్కటే. హిదాయాలో ఇద్దరు నమ్మకస్తులు వచ్చి, ఒక్కొక్క పత్రాన్ని అడిగి, వేరువేరు సంచులలో సర్దాలి. ఇక్కడ ఆ జాగ్రత్త అన్నిచోట్లా జరగలేదు. 1985లో మండలాలు ఏర్పడి కచేరీ రైతుకు దగ్గరైంది. కచేరీ దగ్గరైనంత మాత్రాన కాగితం దగ్గరైనట్లు కాదు.

చట్టం తెరచిన తలుపు

నిజానికి నకలు పొందే హక్కు 1872 నాటి సాక్ష్య చట్టంలోనే ఉంది. చూడడానికి హక్కున్న ప్రభుత్వ పత్రానికి రుసుము తీసుకొని ధ్రువీకరించిన నకలు ఇవ్వాలని అది విధించింది. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఆ హక్కును నిలిపింది. అయితే చూడడానికి హక్కు ఎవరికి ఉన్నదో తేల్చేది మళ్ళీ కచేరీయే. 1975లో రాజ్‌నారాయణ్ వ్యాజ్యంలో జస్టిస్ మాథ్యూ, ప్రభుత్వం చేసే ప్రతి పని తెలుసుకొనే హక్కు ప్రజలకు ఉన్నదన్న సూత్రాన్ని ప్రకటించారు. 1990లలో రాజస్థాన్ పల్లెల్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ కూలీల మస్టర్ రోళ్ళను బహిరంగ సభల్లో చదివించింది. చనిపోయినవారి పేర, ఊళ్ళో లేనివారి పేర కూలీ చెల్లించినట్లు వ్రాసి ఉన్న లెక్కలు నలుగురిలో చదివితే నిలబడలేదు. ఆ ఉద్యమం నుండే 2005 సమాచార హక్కు చట్టం పుట్టింది. ఆ సంవత్సరం అక్టోబరు 12న పూర్తిగా అమలులోకి వచ్చింది.

ఈ చట్టంలో విశేషమేమంటే, అడిగేవాడు ఎందుకు అడుగుతున్నాడో చెప్పనవసరం లేదు. జవాబుకు ముప్ఫై రోజుల గడువు ఉంది. ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటలు. కాగితాన్ని స్వయంగా చూసి నోట్సు వ్రాసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ 2005లో చేసిన నియమాల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. అకారణంగా నిరాకరించిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25 వేల దాకా జరిమానా ఉంది. రికార్డులను జాబితా కట్టి, సూచిక తయారు చేసి ఉంచడం ప్రతి కార్యాలయం విధి అని నాలుగవ సెక్షన్ చెబుతుంది. ఖాజీ సంచులలోని క్రమమే ఇది.

కాని తలుపు తెరవడం వేరు, తెరచి ఉంచడం వేరు. తెలంగాణలో సమాచార కమిషన్ 2017లో ఏర్పడింది. 2023 ఫిబ్రవరి నుండి 2025 మే దాకా అందులో కమిషనర్లు లేరు. రెండేళ్ళకు పైగా రెండవ అప్పీలు వినే నాథుడు లేకపోయాడు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, వ్యక్తిగత సమాచారం పేర నిరాకరించే అవకాశాన్ని విస్తరించింది. భూమి రికార్డు విషయానికి వస్తే, 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభమైంది. పట్వారీ మూటలో ఉన్నది కంప్యూటరులోకి వచ్చింది. నమోదులో జరిగిన తప్పును సరిదిద్దుకోవడానికి ఆ 2020 చట్టంలో అప్పీలుకు చోటు లేకపోయింది. 2025 ఏప్రిల్ 14న ప్రారంభమైన భూభారతి చట్టం అప్పీలు అవకాశాన్ని తిరిగి కల్పించింది. కనిపించే రికార్డు కూడా, సవరణకు దారి లేకపోతే, మూసిన రికార్డుతో సమానమే అని ఈ అయిదేళ్ళ అనుభవం నేర్పింది.

వక్ఫ్ దఫ్తరాలు, సముదాయ బాధ్యత

ఈ చరిత్ర ముస్లిం సముదాయానికి మరింత దగ్గరగా తగిలే స్థలం వక్ఫ్. నిజాం ప్రభుత్వపు ఉమూరె మజ్‌హబీ శాఖ కితాబుల్ ఔఖాఫ్ అనే రిజిస్టరులో వక్ఫ్‌లను నమోదు చేసేది. ఇనాముల విచారణ తరువాత ఇచ్చిన ముంతఖబ్‌లు వేరుగా ఉన్నాయి. 1954, 1995 వక్ఫ్ చట్టాల కింద సర్వేలు, గెజిటు ప్రకటనలు జరిగాయి. ఊరి మసీదుకు, ఖబరస్తానుకు, అషుర్‌ఖానాకు చెందిన నాలుగెకరాల ఇనాము నిలుస్తుందా పోతుందా అన్నది ఈ కాగితాల మీదనే ఆధారపడి ఉంటుంది. 2017 నవంబరులో తెలంగాణ వక్ఫ్ బోర్డు రికార్డు గదులకు ప్రభుత్వం సీలు వేసింది. రికార్డులు తారుమారు కాకుండా కాపాడడానికే అన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. భూమిని కాపాడుకొనే వ్యాజ్యాలకు కావలసిన పత్రాలు కూడా ఆ తాళం వెనుకనే ఉండిపోయాయన్నది సముదాయం నుండి వచ్చిన ఆక్షేపణ. 2025 వక్ఫ్ సవరణ చట్టం వక్ఫ్ వివరాలను కేంద్ర పోర్టలులో నమోదు చేయాలని గడువు విధించింది. పత్రం చేతిలో ఉన్న ముతవల్లీకి ఇది శ్రమ మాత్రమే. పత్రం ఎక్కడున్నదో తెలియనివానికి ఇది ప్రాణసంకటం.

రికార్డులు అందరికీ తెరిస్తే ఆక్రమణదారులు కూడా వాటిని చూసి లొసుగులు వెదుకుతారని కొందరి భయం. ఆ భయం నిరాధారం కాదు. కాని అనుభవం చెబుతున్నదేమంటే, ఆక్రమణదారుకు కాగితం ఎప్పుడూ అందుతూనే ఉన్నది. అందనిది హక్కుదారుకే. పదిమంది చూసిన కాగితాన్ని రహస్యంగా మార్చడం కష్టం. ఒక్కడి పెట్టెలో ఉన్నదానిని మార్చడం సులభం.

ప్రభుత్వాన్ని అడిగే ముందు సముదాయం తనను తాను అడుగవలసిన ప్రశ్న కూడా ఒకటుంది. అనేక మసీదుల లెక్కల పుస్తకాలు, వక్ఫ్ పత్రాలు ఈనాటికీ ఒక కుటుంబం ఇంట్లోనే ఉన్నాయి. ముతవల్లీ మారినప్పుడు వాటి అప్పగింత తగాదా అవుతున్నది. పట్వారీ మూటను విమర్శించేవారు ఈ మూటను సమర్థించలేరు. పాత ఖాజీ స్వంత డబ్బుతో కొన్న కాగితాన్నే అప్పగించమన్న న్యాయశాస్త్రం, చందాలతో నడిచే మసీదు దఫ్తరాన్ని సొంత ఆస్తిగా ఉంచుకోనిస్తుందా?

చేయవలసిన పని చేతికి అందేంత దూరంలోనే ఉన్నది. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాలయంలో షాజహాన్, ఔరంగజేబుల కాలం నాటి పత్రాలే లక్షకు పైగా ఉన్నాయి. నిజాం కాలపు దఫ్తరాలు వాటికి తోడు. మండల కచేరీలలో ఉర్దూ సేత్వార్లు ఉన్నాయి. వాటిని చదువగలవారు ఏటేటా తగ్గిపోతున్నారు. షికస్తా చదవడం ఒక తరం మరచిపోతే, చట్టం ఇచ్చిన నకలు చేతికి వచ్చినా అది మూగ కాగితమే. మదరసాలలో ఉర్దూ, పారసీ నేర్చిన యువకులు ఈ విద్యను కూడా అభ్యసిస్తే అది తమ సముదాయానికే కాక, పట్టా కోసం తిరిగే ప్రతి తెలంగాణ రైతుకూ సేవ అవుతుంది. వ్రాయగలవాడు నిరాకరించరాదన్న ఖుర్ఆన్ ఆదేశం చదువగలవానికి కూడా వర్తిస్తుంది.

హాలియా రైతు హక్కు అంటాడు, అమానతు అంటాడు. ఆ రెండు మాటలకు మధ్య ఉన్న సంబంధమే ఈ చరిత్ర అంతా. ఒకరి హక్కు మరొకరి చేతిలో ఉన్నంతకాలం అది అమానతు. అడిగినప్పుడు చూపించడం, కాలం వచ్చినప్పుడు అప్పగించడం అమానతు ధర్మం.